శుద్ధిచేసిన మురుగునీటితో ఆముదం, కానుగ సాగు



మన పొలానికి నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయని అడిగితే ఎవరైనా చెప్పగలరు. వాన, చెరువు, బావి, కాలువ. కాని వాడిన నీళ్ళు ఎక్కడికి పోతాయని అడిగితే పట్నవాసి కాస్త తడుముకొంటాడు. మూసీ దిగువన సేద్యం చేసే రైతు మాత్రం తడుముకోడు. ఆ నీళ్ళు వచ్చేది అతని పొలానికే గదా!

హైదరాబాదులో జూబిలీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాలనే తీసుకోండి. ఒకనాడు అవి రాళ్ళగుట్టలు. 1976లో అన్నపూర్ణా స్టూడియో వెలసిన తరువాత, మద్రాసులో ఉన్న తెలుగు సినిమా పరిశ్రమ క్రమంగా ఈ గుట్టలకు తరలివచ్చింది. ఇళ్ళు పెరిగాయి, హోటళ్ళు పెరిగాయి, నీటి వాడకం పెరిగింది. గుట్టమీద నీరు నిలవదు, పల్లానికి పోతుంది. ఒక వాలున దిగిన నీరు దుర్గం చెరువు వైపు, మరొక వాలున దిగినది నాలాల వెంట హుస్సేన్‌సాగర్ వైపు పోతుంది. చివరికి అన్ని దారులూ మూసీకే. సినిమా హీరో స్నానం చేసిన నీరైనా, స్టూడియో క్యాంటీనులో గిన్నెలు కడిగిన నీరైనా, బస్తీలో బట్టలుతికిన నీరైనా మూసీలో కలిశాక ఒక్కటే. ఆ పైన పీర్జాదిగూడ, ప్రతాపసింగారం, ఎదులాబాదుల మీదుగా, కత్వల దగ్గర కాలువల్లోకి మళ్ళి, భువనగిరి వైపు పొలాలను తడుపుతుంది.

ఈ నీటిని చక్కగా శుద్ధి చేసి, మనం తినని పంటలకు, అంటే ఇంధనానికీ కార్ఖానాలకూ పనికివచ్చే నూనె గింజలకు పెట్టవచ్చునా? ఇదీ ఈనాటి విషయం. పెట్టవచ్చును. కాని ఒక్క సంగతి మొదటే మనసులో పెట్టుకోవాలి. శుద్ధి కేంద్రం నీటిలోని మురికిని తీస్తుంది, ఉప్పును తీయదు. మురికి సంగతి శుద్ధి కేంద్రంవారు చూసుకొంటారు, ఉప్పు సంగతి చూసుకోవలసింది రైతే.

శుద్ధి అంటే ఏమి చేస్తారు?

మురుగునీరు కేంద్రానికి రాగానే ముందు ఇనుప జల్లెళ్ళ గుండా పోతుంది. గుడ్డపేలికలు, ప్లాస్టిక్ సంచులు అక్కడ ఆగిపోతాయి. తరువాత ఒక తొట్టిలో ఇసుక, మట్టి అడుగుకు దిగుతాయి. అసలు పని ఆ పైన జరుగుతుంది. నీటిలో కరిగిన మురికిని కంటికి కనపడని సూక్ష్మజీవులు తింటాయి. కొన్ని కేంద్రాలలో గాలి తగలని తొట్లలో ఈ పని జరుగుతుంది. కొత్త కేంద్రాలలో యంత్రాలతో గాలి ఊదుతారు. మురికి తిని బలిసిన సూక్ష్మజీవులు బురదగా అడుగున చేరుతాయి. పైన తేరిన నీటికి క్లోరిన్ కలిపి బయటకు వదులుతారు.

మూసీ ఒడ్డున అంబర్‌పేటలో ఉన్న కేంద్రం రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్లు శుద్ధి చేయడానికి కట్టినది. నాగోలులోనిది 17 కోట్ల 20 లక్షల లీటర్లది. జూబిలీహిల్స్ పక్కన, ఒకప్పుడు గోల్కొండ కోటకు మంచినీరు ఇచ్చిన దుర్గం చెరువు దగ్గర, 2023లో రోజుకు 70 లక్షల లీటర్ల కేంద్రం ఒకటి పనిలోకి వచ్చింది.

ఈ 70 లక్షల లీటర్లంటే ఎంత? ఎకరానికి రెండు అంగుళాల తడి ఇవ్వాలంటే సుమారు 2 లక్షల 5 వేల లీటర్లు కావాలి. ఆ లెక్కన ఒక చిన్న కేంద్రం ఒక్కరోజు నీరు 34 ఎకరాలకు ఒక తడి. పదిహేను రోజులకు ఒక తడి చొప్పున చూస్తే, కాలువలో ఇంకిపోయేది, ఎండకు ఆరిపోయేది పక్కన పెడితే, 500 ఎకరాల పైచిలుకు. పైగా ఈ నీటికి కరవు లేదు. వాన కురిసినా కురవకపోయినా పట్నం స్నానం చేస్తూనే ఉంటుంది.

అయితే ఒక హెచ్చరిక. శుద్ధిచేసిన నీరు తిరిగి మూసీలో కలిసిన తరువాత అది శుద్ధినీరు కాదు. పక్కనే మరొక నాలా నుంచి పచ్చి మురుగు, ఇంకొక నాలా నుంచి కార్ఖానాల వ్యర్థం వచ్చి కలుస్తాయి. ఇళ్ళ మురుగు వేరు, కార్ఖానాల మురుగు వేరు. మొదటిదానిలో ఉండేది ఎక్కువగా కుళ్ళిపోయే మురికి. రెండవదానిలో సీసం, క్రోమియం, కాడ్మియం వంటి లోహాలు ఉండవచ్చును. అవి నేలలో చేరితే పోవు. కనుక శుద్ధినీటితో సేద్యం అంటే, కేంద్రం గట్టునుంచి గొట్టంలోగాని, వేరే కాలువలోగాని నేరుగా పొలానికి వచ్చిన నీటితో చేసే సేద్యం. ఏటిలో మోటారు పెట్టి తోడుకొనడం ఆ లెక్కలోకి రాదు.

నీటిలో ఉన్న ఎరువు

శుద్ధిచేసిన తరువాత కూడా నీటిలో కొంత నత్రజని, భాస్వరం, పొటాష్ మిగులుతాయి. లీటరుకు 20 మిల్లీగ్రాముల నత్రజని ఉన్నదనుకోండి. రెండు అంగుళాల తడి ఒకటి ఇస్తే ఎకరానికి 4 కిలోల నత్రజని పడుతుంది. ఆరు తడులకు 24 కిలోల పైమాట. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది సుమారు 21 కిలోల నత్రజని. అంటే, మీరు కొనకుండానే ఒక బస్తా పైగా యూరియా చేనికి చేరిందన్న మాట. కొత్త పద్ధతి కేంద్రాలు నత్రజనిని కూడా చాలావరకు తీసివేస్తాయి కనుక అక్కడి నీటిలో ఇందులో సగమో, ఇంకా తక్కువో ఉండవచ్చును. అందుకే నీటి పరీక్ష చేయించి, అందులోని నత్రజనిని లెక్కగట్టి, సిఫారసు చేసిన మోతాదులో అంత తగ్గించాలి.

లెక్క చూడకుండా అలవాటు ప్రకారం యూరియా కూడా చల్లారా, ఆముదపు చెట్టు ఆకులు వేసి ఏపుగా పెరుగుతుంది, గెల ఆలస్యమవుతుంది, పురుగు చేరుతుంది. చేను చూడముచ్చటగా ఉంటుంది, గింజ మాత్రం ఉండదు.

నీటిలో ఉన్న ఉప్పు

ఇప్పుడు రెండవ లెక్క చూద్దాం. ఇది కొంచెం చేదుగా ఉంటుంది.

కృష్ణ, గోదావరి, మంజీర నీరు ఇంటికి వచ్చేటప్పటికే కొంత ఉప్పుతో వస్తుంది. ఇంట్లో సబ్బు, వంట ఉప్పు, మూత్రం కలిసి అది ఇంకా పెరుగుతుంది. ఈ ఉప్పును కొలవడానికి విద్యుద్వాహకత అనే కొలత ఉన్నది. పరీక్ష కాగితం మీద దానిని ఇ.సి. అని రాస్తారు. ఇ.సి. 0.7 లోపు ఉంటే ఏ పంటకైనా భయం లేదు. 0.7 నుంచి 3 వరకు జాగ్రత్తతో వాడవలసిన నీరు. 3 దాటితే మామూలు సేద్యానికి పనికిరాదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు 1985లో ప్రచురించిన ఈ హద్దులనే నేటికీ ప్రపంచమంతటా పాటిస్తున్నారు.

ఇ.సి. 1.5 ఉన్న నీరు అనుకోండి. లీటరుకు సుమారు 960 మిల్లీగ్రాముల ఉప్పు ఉన్నట్లు. అది వేలిమీద చిటికెడు కూడా కాదు. కాని రెండు అంగుళాల తడి ఒకటి ఇస్తే ఎకరానికి దాదాపు 200 కిలోలు. నాలుగు బస్తాలు! ఆరు తడులకు 12 క్వింటాళ్ళు. మనం ఎవరమూ బుద్ధిపూర్వకంగా నాలుగు బస్తాల ఉప్పు తీసుకుపోయి పొలంలో చల్లము. నీరు ఉచితంగా వస్తున్నదని తడిపిన ప్రతిసారీ చల్లుతున్నాము. నీరు ఉచితమే, ఉప్పు మాత్రం ఉచితం కాదు.

మూసీ వెంట ఇది జరిగిన సంగతే. 2000 తరువాతి దశకంలో అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు అక్కడి పొలాలను పరిశీలించారు. నగరానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో, ఒకప్పుడు వరి పండిన మళ్ళలో ఉప్పు పేరి వరి దిగుబడి పడిపోయింది. చాలామంది రైతులు వరి మాని పారాగడ్డి వేసుకొన్నారు. ఆ గడ్డి ఉప్పును ఓర్చుకొంటుంది, పట్నంలో పాడిపశువులు పెట్టుకొన్నవారు రోజూ కొంటారు, కనుక ఆ రైతులు బతికిపోయారు. అందరికీ ఆ అవకాశం ఉండదు.

ఉప్పును కడిగే చాకలి మన దగ్గర ఒక్కటే ఉన్నది, అది వాన. హైదరాబాదు ప్రాంతంలో ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నీరు బాగా ఇంకే ఎర్ర చెల్క నేలల్లో ఈ వాన పైపొర ఉప్పును కిందికి తీసుకుపోతుంది. బరువైన రేగడిలో, మురుగు పోని పల్లపు మళ్ళలో ఉప్పు అక్కడే నిలిచి చౌడు బారుతుంది. అందుచేత ఈ నీటికి ఎర్ర చెల్కలు ఎంచుకోండి. పల్లపు రేగడిని ఎంచుకోకండి. మురుగు కాలువలు తీసిన తరువాతనే తడి పెట్టండి.

ఉప్పులో సోడియం పాలు ఎక్కువైతే ఇంకొక చిక్కు. నేల కట్టుకపోయి, తడిస్తే బంక, ఎండితే రాయి అవుతుంది. అటువంటి చోట భూసార పరీక్ష ప్రకారం జిప్సం వేయాలి, జీలుగ వేసి పూతకు ముందు కలియదున్నాలి.

ఏ పంట వేయాలి?

ఆకుకూర నేలకు ఆని పెరుగుతుంది, పచ్చిగా వంటింటికి వస్తుంది. దానికి ఈ నీరు చాలా శుభ్రంగా ఉండాలి. నూనె గింజల చెట్టు సంగతి వేరు. కాయ నేలకు ఎత్తులో ఉంటుంది, గట్టి పెంకులో గింజ ఉంటుంది, గింజను గానుగాడి నూనె తీస్తారు, ఆ నూనెను మనం తినము. క్రిములు మనిషి కడుపుకు చేరే దారి ఇక్కడ తెగిపోతుంది. ఈ పంటలను ఎన్నుకోవడంలోని మేలు ఇదే.

మొదటిది ఆముదం. తెలంగాణ మెట్ట రైతుకు కొత్త పంట కాదు. గింజలో సగం దాకా నూనె ఉంటుంది. ఈ నూనె చిక్కన. నేరుగా డీజిలు బదులు పోయడానికి అనువైనది కాదు. కాని యంత్రాల కందెనలకు, రంగులకు, సబ్బులకు, ప్లాస్టిక్కులకు దానికి గిరాకీ ఉన్నది. ప్రపంచంలో ఆముదం ఎక్కువగా పండించేది మన దేశమే. ఆముదానికి పెద్ద శత్రువు బూజు తెగులు. వానాకాలంలో ముసురు పట్టినప్పుడు గెలమీద బూజు కమ్మి కాయ కుళ్ళిపోతుంది. నీటి వసతి ఉంటే సెప్టెంబరు ఆఖరులో గాని, అక్టోబరులో గాని విత్తి, ఆ బెడదను చాలావరకు తప్పించుకోవచ్చును. ఏడాది పొడుగునా దొరికే శుద్ధినీరు ఇక్కడ అక్కరకు వస్తుంది.

రెండవది కానుగ. వాగుల ఒడ్డున, చెరువు కట్టల కింద తనంతట తాను పెరిగే చెట్టు. ఉప్పును, నీటి నిలవను రెండింటినీ ఓర్చుకొంటుంది. పప్పుజాతి చెట్టు కావడంచేత వేళ్ళలో నత్రజనిని స్థిరపరుస్తుంది. గింజలో మూడోవంతు దాకా నూనె. ఈ నూనెకు మిథనాలు, కాస్టిక్ సోడా కలిపి డీజిలు ఇంజన్లలో వాడే ఇంధనం చేస్తారు; గ్లిజరిన్ మిగులుతుంది. ఆనాటి ఆదిలాబాదు జిల్లాలోని పవర్‌గూడ అనే గిరిజన గ్రామంలో మహిళా సంఘాలవారు కానుగ గింజలు ఏరి నూనె ఆడించారు. ఆ నూనె డీజిలు బదులు వాడినందువల్ల గాలిలో కలవకుండా ఆగిన 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు లెక్కగట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు ఆ గ్రామానికి 645 డాలర్లు చెల్లించింది. సొమ్ము చిన్నదే. అయినా కానుగ గింజకు కూడా ఒక ఖాతా ఉన్నదని అది చూపింది.

మూడవది అడవి ఆముదం, అనగా జట్రోఫా. దీనిగురించి ఉన్నమాట చెప్పాలి. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ బంజరుల్లో జట్రోఫా నాటించి డీజిలులో నూరింట ఇరవై పాళ్ళు కలపాలని సూచించింది. నీళ్ళు అక్కరలేదు, ఎరువు అక్కరలేదు, రాతినేలలో కాసులు కాస్తుందని చెప్పగా ఎందరో నాటారు. చెట్టు బతికింది, కాయలు మాత్రం రాలేదు. బతకడం వేరు, కాయడం వేరు. నీరూ, ఎరువూ, మంచి విత్తనమూ లేకుండా నూనె ఇచ్చే మొక్క ఏదీ లేదు. 2018లో వచ్చిన జాతీయ జీవ ఇంధన విధానం గురిని తగ్గించి, 2030 నాటికి డీజిలులో 5 పాళ్ళు కలపాలని పెట్టుకొన్నది.

ఈజిప్టువారు ఈ పాఠాన్ని ఇంకొక వైపునుంచి చదివారు. లక్సర్ పట్నం దగ్గర ఎడారి ఇసుకలో శుద్ధిచేసిన మురుగునీరు పారించి జట్రోఫా పెంచారు. అక్కడ కూడా మొక్క పెరిగింది ఎడారి మహిమవల్ల కాదు, నీరూ అందులోని ఎరువూ ఉండబట్టి.

మన రైతుకు నా సలహా ఇది. ఏడాదిలో సొమ్ము కావాలంటే ఆముదం వేయండి. పొలం గట్లమీద, కాలువ ఒడ్డున, పంటకు రాని మూలల్లో కానుగ నాటండి. విత్తనపు మొక్క కాపుకు రావడానికి ఐదారేళ్ళు పడుతుంది, చెట్టుకూ చెట్టుకూ కాపులో చాలా తేడా ఉంటుంది. బాగా కాసే చెట్టునుంచి కట్టిన అంటుమొక్కలైతే ముందుగా కాస్తాయి. ఉన్న పొలమంతా కానుగకు అప్పగించకండి. నాటే ముందే గింజ ఎవరు కొంటారో, ఎక్కడ ఆడిస్తారో తేల్చుకోండి.

సాగులో జాగ్రత్తలు

ఆముదం మొలక ఉప్పును ఓర్వదు. కనుక వాన పదునులోగాని, బావినీటితోగాని విత్తండి. మొక్క నిలదొక్కుకొన్న తరువాత శుద్ధినీరు పెట్టండి. బావి ఉన్నవారు ఒక తడి బావినీరు, ఒక తడి శుద్ధినీరు మార్చి మార్చి ఇస్తే, బావినీటిలో ఉప్పు తక్కువగా ఉన్నచోట, నేలకు చేరే ఉప్పు తగ్గుతుంది. వర్షాధారపు చేనికంటె సాళ్ళు ఎడంగా పెట్టండి. ఆముదం నీటి నిలవను భరించదు. పారుదల బోదెల మధ్యనే సాగాలి, మొదలు మునగరాదు.

బిందు సేద్యం అన్నిటికంటె మేలు. నీరు ఆదా అవుతుంది, మనిషి చేతికి నీరు తగలదు. కాని ఈ నీటిలో నాచు, జిగురు త్వరగా పట్టి చుక్కల రంధ్రాలు మూసుకుపోతాయి. ఇసుక వడపోత, జల్లెడ వడపోత రెండూ పెట్టి, తరచుగా కడగాలి. గొట్టాల చివరి మూతలు తీసి మురికిని వదలాలి. తుంపర సేద్యం వద్దు. తుంపర గాలికి కొట్టుకుపోయి ఇళ్ళమీద పడుతుంది.

మొదటి గెలలు 90 నుంచి 100 రోజులకు కోతకు వస్తాయి. తరువాత నెలకొకసారి కోస్తూ పోవచ్చును. కోతకు ముందు కొద్దిరోజులు తడి ఆపండి. ఆముదం గింజ, జట్రోఫా గింజ రెండూ విషం. పిల్లలకు, పశువులకు అందకుండా దాచండి. ఆముదపు పిండి మంచి ఎరువు, పశువుకు మేతగా మాత్రం పెట్టరాదు.

ఇంటిల్లిపాది ఆరోగ్యం

నూనె తినేది కాకపోయినా, పొలంలో దిగేది మనమే. శుద్ధి కాని నీటిలో పేగుపురుగుల గుడ్లు ఉంటాయి. ఆ నీరు పారిన మట్టిలో వట్టి కాళ్ళతో నడిస్తే కొంకిపురుగు పిల్ల పాదం చర్మం గుండా లోపలికి పోయి, పేగులో చేరి రక్తం పీలుస్తుంది. మూసీ వెంట జరిగిన ఆరోగ్య పరిశీలనల్లో పచ్చి మురుగుతో సేద్యం చేసే కుటుంబాలలో ఈ పురుగు బెడద ఎక్కువగా కనిపించింది. లీటరు నీటిలో పేగుపురుగు గుడ్డు ఒకటికి మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది.

కాళ్ళకు రబ్బరు బూట్లు, చేతులకు తొడుగులు లేనిదే దిగవద్దు. కలుపు తీసే ఆడకూలీలకు కూడా ఇవి ఇవ్వడం యజమాని బాధ్యత. పొలంలో తాగే నీళ్ళ కుండను ఇంటినుంచి మూతపెట్టి తెచ్చుకోండి. పని ముగించి సబ్బుతో కడుక్కొన్నాకే అన్నం ముట్టండి. డాక్టరు సలహామీద ఇంటిల్లిపాదీ పురుగుల మందు వేసుకోండి. నీరు గుంటల్లో నిలిస్తే దోమలు పెరుగుతాయి, నిలవనీయకండి.

విస్తరణ అధికారులకు ఒక మాట

రైతుకు ఈ నీటినిగురించి చెప్పేముందు మూడు కాగితాలు చేతబట్టుకోండి. నీటి పరీక్ష కాగితం, భూసార పరీక్ష కాగితం, గింజ కొనేవారి ఒప్పంద కాగితం. నీటి కాగితంలో ఇ.సి., సోడియం పాలు, బోరాన్, నత్రజని, క్రిముల లెక్క చూడండి. ఒక్కసారి చూస్తే చాలదు. వేసవిలో ఒకసారి, వానల తరువాత ఒకసారి చూడాలి. నేల ఉప్పును ఏటా విత్తేముందు కొలిచి, పోయినేటి అంకె పక్కన ఈ ఏటి అంకె రాసిపెట్టండి. అంకె ఏటేటా పైకి పోతూ ఉంటే నీటిని తగ్గించమని రైతుకు చెప్పవలసింది మీరే. ఆముదం రకాలు, యాజమాన్యం సంగతులు రాజేంద్రనగర్‌లోని భారతీయ నూనెగింజల పరిశోధనా సంస్థలో తెలుస్తాయి. ఊరి మురుగును మొక్కల మడుగుల గుండా పోనిచ్చి తక్కువ ఖర్చుతో శుభ్రపరిచే పద్ధతులపై పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ పనిచేసింది. పట్నానికి దూరంగా ఉన్న ఊళ్ళకు ఆ దారి ఎక్కువ ఉపయోగం.

సోదరులారా! పట్నం గుట్టమీద ఉన్నది, మన పొలం పల్లంలో ఉన్నది. వారు వాడిన నీరు మన దగ్గరకు రాక తప్పదు. మురికిని అక్కడనే ఆపి పంపమని అడిగే హక్కు మనకు ఉన్నది. వచ్చిన నీటిలో ఎరువెంత, ఉప్పెంత అని లెక్క చూసుకొనే బాధ్యత కూడా మనదే. ఒక్క సీసా నీరు పరీక్షకు ఇవ్వడానికి ఒక పూట పడుతుంది. చౌడు బారిన ఎకరం బాగుపడడానికి ఏళ్ళు పడుతుంది. ముందు ఆ సీసా నింపండి. తడి సంగతి తరువాత చూద్దాం.